జీతం తీసుకునే పిన్ని

రెండు వేల ఇరవై రెండు జూలైలో నేను సిడ్నీ పడమటి వైపున ఉన్న గిరావీన్‌లో రిజిస్టర్డ్ టాక్స్ ఏజెంటుగా పనిచేస్తున్నాను. దోసెల కొట్టు పైన రెండు గదుల ఆఫీసు. కింద పెనం మీద నీళ్ళు చల్లినప్పుడల్లా పైన నా క్లయింటు ఉలిక్కిపడేవాడు. ఆస్ట్రేలియాలో ఆర్థిక సంవత్సరం జూన్ నెలాఖరుతో ముగుస్తుంది. అందుకని పురోహితుడికి మాఘమాసం ఎలాంటిదో టాక్స్ ఏజెంటుకు జూలై అలాంటిది. టాక్స్ ఏజెంటు అంటే ఇతరుల తరఫున పన్ను రిటర్నులు దాఖలు చేయడానికి ప్రభుత్వం దగ్గర లైసెన్సు ఉన్నవాడు. అబద్ధమని తెలిసి ఏదైనా దాఖలు చేస్తే ఆ లైసెన్సు పోతుంది. క్లయింట్లకు మొదటి వాక్యం గుర్తుంటుంది, రెండోది ఉండదు.

మా కుటుంబం గురించి ఒక మాట చెప్పాలి. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో మాకు ఒకప్పుడు ఎస్టేటు ఉండేది. జమీందారీ రద్దు చట్టం వచ్చి కొంత తీసుకుంది. మిగిలినదాన్ని మా తాతగారు, ముందు పెట్టిన ప్రతి కాగితం మీదా చదవకుండా సంతకం చేసి, తానే పంచిపెట్టారు. కాగితం చదవడం గుమాస్తాల పని అని ఆయన నమ్మకం. మా కోట ఇప్పుడు ఏసీ కల్యాణ మండపం. మా ముత్తాతగారు దర్బారు తీర్చిన హాలులో బఫే పెడతారు. దీనికి నేను ఏడవను, సిగ్గుపడను. నిటారుగా కూర్చోవడం ఒక్కటే మా వంశానికి మిగిలిన ఆస్తి, దాని మీద ఇంకా ఎవరూ పన్ను వేయలేదు. గిరావీన్ తెలుగువాళ్ళు నన్ను 'రాజావారు' అని పిలిచేవారు. అందులో సగం గౌరవం, సగం వెటకారం. ఫీజు మాత్రం రెండు సగాలకూ కలిపే తీసుకునేవాణ్ణి.

ఆ జూలైలో ఒక శనివారం కిరణ్, మాధవి అనే దంపతులు వచ్చారు. కిరణ్ ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మాధవి మత్తు డాక్టరు. రోజూ పదిమందిని నిద్రపుచ్చే ఆ అమ్మాయికే నిద్ర కరువైందని ముఖం చెబుతోంది. బ్లాక్‌టౌన్ అవతల కొత్త లేఅవుట్‌లో ఇల్లు, మూడేళ్ళ పాప. వాళ్ళ రిటర్నులు నేనే వేసేవాణ్ణి కాబట్టి మామూలు పనికే వచ్చారనుకున్నాను.

"అంకుల్, చిన్న ఫేవర్. మీ లెటర్‌హెడ్ మీద ఒక్క లెటర్ కావాలి," అన్నాడు కిరణ్. "సుగుణ పిన్ని మా ఫ్యామిలీ మెంబర్ అని మీకు పర్సనల్‌గా తెలుసని రాయాలి, అంతే. టూ లైన్స్."

సుగుణగారిని నేను ఎరుగుదును. యాభైకి దగ్గర పడిన మనిషి. భర్త సత్యం ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఇద్దరికీ ఇక్కడ శాశ్వత నివాస హక్కు ఉంది. దాదాపు మూడేళ్ళుగా సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున్నే మాధవి డ్యూటీకి బయల్దేరే వేళ నుంచి సాయంత్రం ఆరు గంటల దాకా, ఆవిడ ఆ ఇంట్లో పాపను చూసుకుంటోంది. వంట కూడా చేసిపెడుతోంది.

"ఏ వరసన ఫ్యామిలీ?" అని అడిగాను.

"పిన్ని అవుతుంది అంకుల్."

"ఎవరి తరఫున?"

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. "మా మమ్మీ సైడ్ అనుకుందాం," అన్నాడు కిరణ్.

"మీ అమ్మగారిది ఏ ఊరు?"

"నెల్లూరు."

"సుగుణగారిది?"

"పెద్దాపురం దగ్గర... మధ్యలో ఎవరో కలుస్తార్లే అంకుల్. మన తెలుగువాళ్ళమే కదా అందరం."

"పాప ఆవిణ్ణి ఏమని పిలుస్తుంది?"

"పిన్ని అనే."

తండ్రికీ పిన్ని, కూతురికీ పిన్నే. మన వరసల్లో ఇలాంటి చుట్టం పుట్టే అవకాశం లేదు. మా వంశవృక్షంలో ఎన్నో వంకరలు ఉన్నాయి గానీ ఈ వంకర వాటిలోనూ లేదని చెప్పాను. కిరణ్ నవ్వాడు. మాధవి నవ్వలేదు. అసలు సంగతి ఆమే చెప్పింది.

రెండు వారాల కిందట, ఆ చలికాలమంతా సిడ్నీని వదలని వానల్లో ఒకరోజు, ఆరేసిన బట్టలు తీయడానికి సుగుణగారు పెరట్లోకి పరుగెత్తింది. తడిసిన చెక్క అరుగు మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. అది ప్రభుత్వాసుపత్రి కాబట్టి ఖర్చు పడలేదు. అయితే చేర్చుకునేటప్పుడు అక్కడి క్లర్కు, దెబ్బ పని చేస్తుండగా తగిలిందా అని అడిగింది. ఇక్కడ ఎముక విరిగి ఎవరు వెళ్ళినా అడిగే ప్రశ్న అది. పక్కనున్న మాధవి, "నో, నో, షి ఈజ్ మై ఆంట్," అంది. మూడేళ్ళ అలవాటు, నోరు దానంతట అదే పలికింది. ఇప్పుడు చేతికి కొన్ని నెలల పాటు ఫిజియోథెరపీ కావాలంటున్నారు. చేయించకపోతే వేళ్ళు వంగవు. దానికీ, పనిలేని నెలల జీతానికీ పరిహారం అడుగుదామని సత్యం అంటున్నాడు. ఆ పరిహారం రాకుండా ఉండటానికే కిరణ్‌కు నా ఉత్తరం కావాలి.

"మేం చూసుకుంటాం కదా అంకుల్ పిన్నిని! మేమేమైనా వదిలేస్తామా? కానీ అఫీషియల్‌గా వెళ్తే మాధవి మెడికల్ రిజిస్ట్రేషన్‌కి ఏమైనా అవుతుందేమోనని భయం."

జీతం ఎలా ఇస్తున్నారని అడిగాను. జీతం అనకండి అంకుల్, బాగుండదు అన్నాడు. సరే, బాగుండేది ఏమిటో చూపించమన్నాను. ఫోను తీసి గర్వంగా చూపించాడు. ప్రతి శుక్రవారం సుగుణగారి ఖాతాకు ఒకే మొత్తం వెళుతోంది. పక్కన వివరం రాసేచోట ప్రతి వారం ఒకే మాట: 'వరలక్ష్మీ వ్రతం గిఫ్ట్'.

"ఫ్రైడే కదా అంకుల్. అథెంటిక్‌గా ఉంటుందని."

శ్రావణమాసంలో ఒక్క శుక్రవారం చేసే వ్రతాన్ని ఏడాదికి యాభై రెండుసార్లు చేసిన ఇల్లు ఈ ఖండంలో మరొకటి ఉండదు. నేను ఆశ్చర్యపోలేదు. మా ఎస్టేటు కచేరీలో తహసీల్దారు ఇంటికి పంపిన నేతి డబ్బాలను 'స్వామివారి దీపారాధన' కింద రాసేవారు. ఆ లెక్కన మా ఊరి దేవుడు రాత్రింబవళ్ళు దివిటీలా మండుతూ ఉండాలి. ఈ వృత్తిలోకి నేను చదువుతో వచ్చానని అందరూ అనుకుంటారు. సగం రక్తంలోనే ఉంది.

పాఠకులకు ఇక్కడి నియమం చెప్పాలి. ఇంట్లో పాపను చూడటానికి మనిషిని పెట్టుకుంటే, పెట్టుకున్నవాడు యజమాని అవుతాడు. ఫ్యాక్టరీ అక్కర్లేదు, బోర్డు అక్కర్లేదు. వ్యాపారం లేని గృహస్థుకు కూడా పన్ను శాఖ ఒక నంబరు ఇస్తుంది. జీతం ఇచ్చే ముందు అందులోంచి పన్ను మినహాయించి, ఆ నంబరు మీద శాఖకు పంపాలి. ఇచ్చిన ప్రతిసారీ ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఇంటిపని చేసేవాళ్ళు వారానికి ముప్పై గంటలు దాటి పనిచేస్తే సూపర్ కూడా కట్టాలి. సూపర్ అంటే ఉద్యోగి వృద్ధాప్యం కోసం యజమాని జీతం పైన విడిగా జమచేసే సొమ్ము. ఇవి కాక, పనిలో దెబ్బ తగిలితే ఆదుకోవడానికి ప్రమాద బీమా. నాలుగింటిలో కిరణ్ దంపతులు చేసినవి ఎన్ని అని అడిగితే, మంచి అబ్బాయి కాబట్టి, కిరణ్ నేల చూపులు చూశాడు.

అంతలోనే తేరుకున్నాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఒక దారి మూసుకుపోతే వెంటనే ఇంకో దారి తెరవడం అలవాటు.

"కాంట్రాక్టర్ అని చూపిద్దామా అంకుల్? పిన్నికి ఇప్పుడొక ఏబీఎన్ తీసేద్దాం. ఆన్‌లైన్‌లో టెన్ మినిట్స్."

ఏబీఎన్ అంటే సొంతంగా వ్యాపారం చేసుకునేవాళ్ళకు ఇచ్చే నంబరు. అది తగిలించగానే ఉద్యోగి కాంట్రాక్టరు అయిపోడు. పిలక పెట్టుకున్న ప్రతివాడూ పురోహితుడు కాడు. నేను కిరణ్‌ను మూడు ప్రశ్నలు అడిగాను. ఎన్నింటికి రావాలో ఎవరు చెబుతారు? మాధవి చెబుతుంది. పాపను తీసుకెళ్ళే బండి, ఉయ్యాల, వంటగిన్నెలు ఎవరివి? మావే. ఒకరోజు సుగుణగారు తన బదులు ఇంకెవరినైనా పంపితే సరిపోతుందా?

"అమ్మో, ఇంకెవరైనా వస్తే పాప ఇల్లు పీకి పందిరేస్తుంది అంకుల్."

"అయితే ఆవిడ ఉద్యోగి. కేసు ముగిసింది."

ముగియలేదు. పోనీ ఇదంతా కడితే, ఇన్నాళ్ళు ఇచ్చిన జీతాన్ని తన ఆదాయంలోంచి ఖర్చుగా తీసేయవచ్చా అని అడిగాడు. కుదరదన్నాను. పిల్లను చూసుకునే ఖర్చు సొంత ఖర్చు కిందికి వస్తుంది.

"అంకుల్, పిన్ని లేకపోతే మాధవి ఆపరేషన్ థియేటర్‌కే వెళ్ళలేదు. ఇది అన్‌ఫెయిర్ కదా?"

"అన్‌ఫెయిరే. కట్టాలి."

ఉత్తరం రాయనని చెప్పాను. రాస్తే నా లైసెన్సు పోతుందన్నది ఒక కారణం. రెండో కారణం మా తాతగారు. చదవకుండా సంతకం చేసినందుకు ఆయన ఒక కోట పోగొట్టుకున్నారు, చదివి కూడా సంతకం చేస్తే మనవడికి ఆ సాకు కూడా ఉండదు. నేను చేయగలిగింది ఒకటే. పన్ను శాఖ వాళ్ళు వచ్చి అడగకముందే జరిగింది జరిగినట్టు మనమే చెప్పి, బకాయిలు కట్టడం. అలా ముందుకొచ్చినవాళ్ళకు జరిమానాలు బాగా తగ్గుతాయి. మాధవి డాక్టరు రిజిస్ట్రేషనుకు జీతం సక్రమంగా ఇవ్వడం వల్ల ఏ ముప్పూ రాదు. ఆసుపత్రి రికార్డులో అబద్ధం చెప్పి, దాని మీద ఇంకో అబద్ధపు ఉత్తరం తగిలిస్తే మాత్రం నేను హామీ ఇవ్వలేను.

కిరణ్ ఇంకా లెక్కలు వేసుకుంటున్నాడు. మాధవి వేసుకోలేదు. "థెరపీ లేట్ అయితే వేళ్ళు స్టిఫ్ అయిపోతాయి కిరణ్. నేను చూశాను అలాంటి చేతులు. బిగిసిపోయాక ఎవ్వరూ ఏమీ చెయ్యలేరు," అంది. తర్వాత నావైపు తిరిగి, "పిన్ని పనిలోకి రావట్లేదని ఈయన రెండు వారాలుగా గిఫ్ట్ కూడా ఆపేశారు అంకుల్," అని చెప్పింది.

"అలా కాదు మాధూ! రాని వారానికి కూడా పంపితే అది శాలరీలా కనిపిస్తుందని..."

పనిలేని వారం వ్రతం కూడా లేదన్నమాట. వరలక్ష్మి హాజరు పట్టీ చూసి మరీ కటాక్షిస్తోంది.

మరునాడు ఆదివారం ముగ్గురం బ్లాక్‌టౌన్‌లో సుగుణగారి అద్దె ఇంటికి వెళ్ళాం. ముందే ఒక సంగతి స్పష్టం చేశాను. నేను కిరణ్ దంపతుల ఏజెంటును. ఆవిడ పన్ను వ్యవహారం కూడా నేనే చూస్తే ఒకే పెళ్ళికి రెండు వైపులా పౌరోహిత్యం చేసినట్టు అవుతుంది. పౌరోహిత్యంలో అది చెల్లుతుందేమో, మా వృత్తిలో చెల్లదు. అందుకని ఆవిడకు పారమట్టాలో తెలిసిన మరో ఏజెంటు ఫోను నంబరు, ఉచితంగా సలహా ఇచ్చే లాయర్ల కేంద్రం వివరాలు వెంట తీసుకెళ్ళాను. అక్కడ నేను చెప్పేది సమాచారమే, సలహా కాదు.

సత్యం తలుపు తీసి, "రండి రండి, పెళ్ళివారు ముగ్గురొచ్చారు," అన్నాడు. ఆ మాటలో వేడి ఉంది. సుగుణగారు సోఫాలో కూర్చుని ఉంది. పిండికట్టు వేసిన చేయి దిండు మీద పెట్టుకుని, రెండో చేత్తో మాకు బిస్కట్ల పళ్ళెం జరపబోయింది. మాధవి గబగబా వెళ్ళి పళ్ళెం అందుకుంది.

అంతా కుదిరిపోయినట్టేనని నేను అనుకున్నాను. యజమాని ఒప్పుకోవడానికి వచ్చాడు, ఉద్యోగికి పరిహారం వస్తుంది. అయితే సంగతి మొత్తం విని, కాదన్నది సుగుణగారే.

"నేను పనిమనిషిని కాదండి అన్నయ్యగారూ," అంది. వచ్చిన ఐదు నిమిషాల్లోనే ఆవిడ నన్ను అన్నయ్యను చేసేసింది. ఇంకో పది నిమిషాలుంటే నేను ఎవరికీ బిల్లు ఇవ్వలేని పరిస్థితి వచ్చేది. "మా పుట్టింట్లో పనోళ్ళు ఉండేవోరు. మాధవి మా అమ్మాయిలాంటిదని నేను వెళ్ళేనండి. జీతానికి కుదిరేనని మా వదినకి తెలిసిందంటే పెద్దాపురంలో మైకు పెట్టి మరీ చెబుద్దండి."

"మీ వదిన మైకు సంగతి తర్వాత," అన్నాడు సత్యం. "శుక్రవారం పడే డబ్బు పడ్డం మానేసింది. ఇంటద్దెకి నా ఒక్కడి జీతం చాలట్లేదు. ఆవిడగారికి పరువు, నాకు డబుల్ షిఫ్టు."

"మీరు ఊరుకోండి!"

"పిన్నీ, థెరపీ ఖర్చు అంతా మేమే పెట్టుకుంటాం. ఎవ్వరికీ తెలియక్కర్లేదు," అన్నాడు కిరణ్. అతనికి మళ్ళీ దారి దొరికినట్టయింది.

సుగుణగారి ముఖం ఒక్కసారిగా బిగుసుకుంది. "నాకెందుకు బాబూ మీ డబ్బులు? శుక్రవారం ఇచ్చేది వేరు, పాప కోసం వచ్చేదాన్ని. ఇప్పుడు పాపనే ఎత్తుకోట్లేదుగా. చెయ్యిరిగింది కదాని దానాలు పట్టే కొంపనుకున్నావా మాది?"

జీతం వద్దు, దానమూ వద్దు. ఇలాంటి మనుషులను నేను బాగా ఎరుగుదును. మా ఇంటినిండా వాళ్ళే.

అప్పుడు నేను చెప్పింది ఇది. మా తాతగారు ఎవరి దగ్గరా జీతం తీసుకోలేదు. అది ఆయన ప్రతిష్ఠ. కాబట్టి చివరి రోజుల్లో ఆయనకు పెన్షనూ లేదు, బీమా లేదు, అడగడానికి యజమాని లేడు. మందులు చుట్టాలు కొనిపెట్టారు. చుట్టాలు కొనిపెట్టిన మందు రెండుసార్లు మింగాలి, ఒకసారి మందును, ఇంకోసారి వాళ్ళ మాటను. మా వంశంలో పే స్లిప్ అందుకున్న మొదటి మనిషిని నేను. సిడ్నీలో ఒక బిస్కట్ ఫ్యాక్టరీ లెక్కల విభాగంలో అందుకున్నాను. ఆ రోజు మా ఎస్టేటు మొత్తం మీద ఎవరికీ లేని హక్కు నాకు వచ్చింది. దెబ్బ తగిలితే ఎవరి జాలీ లేకుండా ఇంట్లో కూర్చునే హక్కు అది.

"మీకు రెండే దారులున్నాయమ్మా. కిరణ్ జాలి తీసుకోవడం, లేదా మీ హక్కు తీసుకోవడం. చేయి బాగుపడాలంటే మూడోది లేదు. బీమా డబ్బులో ఎవరి దయా లేదు. మీరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసిన పనికి రావలసినదానిలో అది మిగతా సగం."

"ఇన్సూరెన్సే కట్టలేదంట కదండి వీళ్ళు?" అంది.

కట్టకపోయినా ఉద్యోగి నష్టపోదు. బీమా లేని యజమాని దగ్గర దెబ్బ తగిలినవాళ్ళకు ఈ రాష్ట్రంలో ఒక పథకం పరిహారం ఇచ్చేస్తుంది. తర్వాత ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది. ఇది చెప్పేటప్పుడు నేను కిరణ్ వైపు చూడలేదు. చూడకపోయినా అతని నిట్టూర్పు వినిపించింది.

సుగుణగారు పిండికట్టు అంచును గోటితో గీరింది. "అయితే ఆ మాట మాధవే చెప్పాలండి. నేను చెప్పను. పదిమందిలో పిన్ని అన్నది తనే కదా," అంది.

న్యాయమైన షరతు. మర్నాడు పరిహారం వాళ్ళ ఆఫీసు తెరిచాక మాధవి డ్యూటీకి వెళ్ళకుండా అదే ఇంటికి వచ్చింది. ఆమె కోరితే నేనూ వెళ్ళాను. ఫోను స్పీకరులో పెట్టారు. అవతలి అమ్మాయి పేర్లు, చిరునామాలు రాసుకుని, గాయపడిన వ్యక్తికి మీరు ఏమవుతారని అడిగింది.

మాధవి నోరు తెరిచింది. సుగుణగారి వైపు చూసింది. ఆవిడ గోడ మీది క్యాలెండరు చూస్తోంది. అవతలి అమ్మాయి, వినపడుతోందా అని మళ్ళీ అడిగింది.

"ఎంప్లాయర్," అంది మాధవి. "ఐ యామ్ హర్ ఎంప్లాయర్. షి వర్క్స్ ఫర్ అజ్." ఆసుపత్రిలో తాను చెప్పింది తప్పని, అది కూడా సరిచేయాలని, మిగతాదంతా ఇంగ్లీషులో గబగబా చెప్పేసింది.

రోజుకు ఎన్ని గంటలని అడిగారు. మాధవి, ఎనిమిదో తొమ్మిదో ఉంటాయంది.

సుగుణగారు క్యాలెండరు మీదినుంచి చూపు తిప్పింది. "అదేంటి? నువ్వు ఏడింటికి బయల్దేరితే ఆరింటి దాకా నేనే కదా ఉండేది? పదకొండు. సరిగ్గా చెప్పు. ఆ పిల్ల రాసుకుంటోంది."

"పదకొండు," అంది మాధవి ఫోనులో, తెలుగులోనే. తర్వాత నాలుక కరుచుకుని ఇంగ్లీషులో మళ్ళీ చెప్పింది. సత్యం వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుని వచ్చాడు.

తర్వాత జరిగినవి విధివిధానాలు. కిరణ్ దంపతుల తరఫున పన్ను శాఖకు స్వచ్ఛందంగా వివరాలు దాఖలు చేశాను. మూడేళ్ళ సూపర్‌ను వడ్డీతో, ఆలస్యానికి అదనపు రుసుముతో కట్టారు. జరిమానా చాలామటుకు రద్దయింది. సుగుణగారి రిటర్నులు పారమట్టా ఏజెంటు వేశాడు. ఆవిడ కూడా కొంత పన్ను కట్టాల్సి వచ్చింది. దానికి ఆవిడ నన్ను రెండు నెలలు అన్నయ్యగారూ అని పిలవలేదు. వారం వారం పరిహారం వచ్చింది, థెరపీ ఆలస్యం కాకుండా మొదలైంది. ఆ పథకం తన సొమ్ము కోసం కిరణ్‌ను పట్టుకుంది. కొత్త కారు కొనే ఆలోచన ఆ ఏడాదికి వాయిదా పడింది. మెడికల్ బోర్డు నుంచి మాధవికి ఏ ఉత్తరమూ రాలేదు.

ఊళ్ళో మాత్రం నా పేరు మారుమోగింది. రాజావారు కుర్రాళ్ళను టాక్స్ వాళ్ళకు పట్టించాడట అని తెలుగువాళ్ళ బార్బెక్యూల్లో చెప్పుకున్నారు. ఆ వారం నుంచే ఫోన్లు కూడా మొదలయ్యాయి. "అంకుల్, మా ఫ్రెండ్ ఒకడు ఉన్నాడు, వాళ్ళింట్లో ఒక పెద్దమ్మ ఉంటుంది..." ప్రతి ఒక్కరికీ ఒక ఫ్రెండ్, ప్రతి ఫ్రెండ్ ఇంట్లో ఒక పిన్నో, అత్తయ్యో, పెద్దమ్మో. ఫ్రెండ్‌ను తీసుకురండి అంటే తామే వచ్చేవారు. పెర్త్ శివారు హారిస్‌డేల్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, పెర్త్‌లో కూడా ఇదే చట్టమా అని అడిగాడు. పన్ను, సూపర్ దేశమంతటా ఒకటేనని, ప్రమాద బీమా మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుందని చెప్పాను. అయితే నేను అక్కడ లేను లెండి అని పెట్టేశాడు.

సుగుణగారి వేళ్ళు మళ్ళీ మామూలుగా వంగాయి. మణికట్టు పూర్తిగా తిరగకపోయినా, గరిటె పట్టుకోగలిగింది, పాపను ఎత్తుకోగలిగింది. మరుసటి ఏడాది వేసవిలో సుగుణగారు అదే ఇంట్లో మళ్ళీ చేరింది, ఈసారి కాగితం మీద సంతకంతో. ఏడాదికి నాలుగు వారాల జీతపు సెలవు ఉందని తెలిసి, మొదటి ఏడాదే మొత్తం వాడుకుని పెద్దాపురం వెళ్ళొచ్చింది. వదినకు ఏమని చెప్పిందో నాకు తెలియదు. సాయంత్రం ఆరు కాగానే హ్యాండ్‌బ్యాగు తీసుకుని బయల్దేరుతోందని, ఇంకో అరగంట ఉండమంటే ఓవర్‌టైమ్ అంటోందని మాధవి ఒకసారి నా దగ్గర వాపోయింది. ఇప్పటికీ పిన్ని అనే పిలుస్తున్నావా అని అడిగాను. పిలుస్తున్నానంది. పిలవవచ్చు. చట్టానికి అభ్యంతరం లేదు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇది. మనవాళ్ళలో ఇలాంటి పన్ను ఎగవేత ఆశతో కన్నా మర్యాదతో ఎక్కువగా జరుగుతుంది. ఆశతో ఎగ్గొట్టేవాడిని భయపెడితే కడతాడు. మర్యాద కోసం ఎగ్గొట్టేవాడికి తాను ఎగ్గొడుతున్నట్టే తెలియదు. అందుకని ఆ తర్వాత రిటైరయ్యేవరకు ప్రతి క్లయింటునూ రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి. మీ ఇంట్లో పిల్లల్ని చూసుకునే చుట్టం ఎవరైనా ఉన్నారా? ఉంటే, ఆవిడ రోజూ ఎన్నింటికి ఇంటికి వెళుతుంది? నిజమైన చుట్టం ఎప్పుడు వెళతాడో ఇంతవరకు ఏ ఇంట్లోనూ ఎవరూ చెప్పలేకపోయారు. టైము చెప్పగలిగారంటే ఆవిడ ఉద్యోగి. ఈ పరీక్ష చట్టంలో ఎక్కడా లేదు గానీ, నా అనుభవంలో ఒక్కసారి కూడా తప్పలేదు.